లోపలికి వాకిలి లేదు

నలభై తొమ్మిదేళ్ల బతుకులో వన్నూరప్ప ఎన్నో మాటలు పడ్డాడు. మోటారు చుట్టడం రాదని తిట్టినవాళ్లున్నారు, ఏడో తరగతివాడికి ఇంత పొగరేమిటని అన్నవాళ్లున్నారు. అవన్నీ తువ్వాలుతో దులుపుకున్నాడు. దులుపుకుంటే పోని మాట ఒక్కటే. అది చిదానంద అన్న మాట.

"మర్చిపోయినా రా వన్నూరూ."

మరచిపోయింది గొడుగో చెప్పులో అయితే పోనీలే అనుకోవచ్చు. ఆ మతిమరుపు కింద ఒక పొలం పోతోంది. జాలిమడుగు గ్రామం, సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండు, మూడెకరాల నలభై రెండు సెంట్లు. వన్నూరప్ప తాత రాళ్లు ఏరిన నేల. నాయన బండలు పగలగొట్టిన నేల. ఇద్దరినీ ఈశాన్యం మూలన ఆ నేలలోనే పూడ్చారు.

ఇంతకీ చిదానంద పరాయివాడు కాదు. ఏడో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ ఏడు వన్నూరప్ప నాయన పాము కరిచి పోయాడు, వన్నూరప్ప బడి మానేసి బండి తోలాడు. చిదానంద చదువు ఆపలేదు. సెలవుల్లో ఊరికొచ్చి వన్నూరప్ప ఇంట్లోనే సంగటి తినేవాడు. వాళ్లమ్మకున్న రెండెకరాలు ఎవరో దొంగ సంతకంతో తమ పేర రాయించుకోగా, అప్పటికే ఆమె కూలికి పోతోంది. వాడు పెద్ద శాస్త్రవేత్త అయినప్పుడు వన్నూరప్ప ఊళ్లో అందరికీ టీ తాగించాడు. ఆ టీ ఇప్పుడు తలచుకుంటే నోరు చేదెక్కుతుంది.

తొమ్మిదేళ్ల కిందట చిదానంద అనంతపురం నుంచి నాలుగు ఉక్కు కడ్డీలు, ఒక పెట్టె వేసుకుని దిగాడు. చేలో కడ్డీలు పాతుతానంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. బోరు ఎండిపోతుందని ఒకరు, నిధి కోసం వచ్చాడని ఇంకొకరు. వన్నూరప్ప మాత్రం సుత్తె అందుకుని తన చేను నాలుగు మూలలా తానే దిగగొట్టాడు. చిదానంద వాటికి తీగలు తగిలించి, చెవికి పెట్టుకునే గొట్టాలు వన్నూరప్ప చెవుల్లో పెట్టాడు.

ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత సన్నగా మొదలైంది. ఎండిన విస్తరాకు మీద వెయ్యి చీమలు నడుస్తున్నట్టు, మధ్యమధ్యలో ఎవరో గుటక వేస్తున్నట్టు.

"ఇదేంది రా?"

"నీ మట్టి గొంతు. దాంట్లో ఉండే కంటికి కనపడని పురుగులూ, వేర్లూ, బంకా, ఉప్పూ అన్నీ కలిసి కొంచెం కరెంటు పుట్టిస్తాయి. అదే ఇది."

అది విన్నాక మిగతావాళ్లూ ఒప్పుకున్నారు. అటు పక్క చేలో పాతి చూస్తే చప్పుడు వేరు. ఇటు పక్క ఇంకా వేరు. ఏడాది పొడవునా నూట ఇరవై చేలు విన్నారు. ఒకదానిలాంటిది మరొకటి లేదు. ఇరవై ఏళ్లప్పుడూ యాభై ఏళ్లప్పుడూ మనిషి గొంతు మారినా మనిషిని గుర్తుపట్టినట్టే, ఎండకూ వానకూ గొంతు మారినా చేనును గుర్తుపట్టొచ్చని చిదానంద తేల్చాడు. వన్నూరప్ప చేలోంచి రెండు పిడికిళ్ల మట్టి గాజు సీసాలో పోసుకుని, దాని మీద "వన్నూరు చేను" అని కాగితం అంటించుకుని ప్రయోగశాలకు తీసుకుపోయాడు.

మరో నాలుగేళ్లకు అది చట్టమైంది. పాసు పుస్తకాలు పోయాయి, అడంగళ్లు పోయాయి. ప్రతి చేనుకూ ఒక ఆరా పెట్టె. పెట్టె మట్టిని విని, ఆ గొంతుతో ఒక పత్రం పుట్టించి, దూరాన ఉన్న పెద్ద యంత్రంలో నమోదు చేస్తుంది. పత్రానికి ఆయుష్షు నలభై ఏడు రోజులు. నలభై ఏడో నాడు పెట్టె మళ్లీ వింటుంది, గొంతు కలిస్తే కొత్త పత్రం దానంతటదే పుడుతుంది. పత్రం ఉంటేనే బోరుకు కరెంటు, విత్తనం, అమ్మకం. సంతకం లేదు, వేలిముద్ర లేదు, గుమస్తా లేడు. ఆఫీసు మెట్లెక్కి చెప్పులరిగినవాళ్లంతా చిదానందను దేవుడన్నారు.

పెట్టెలు బిగించే పని వన్నూరప్పకు దక్కింది. పెట్టెకు ఏమేం కావాలో చెప్పే కాగితం ఇంగ్లీషులో ఉంది. చిదానంద దాన్ని తెలుగులో చెబుతుంటే వన్నూరప్ప పాత కేలండరు వెనక తన మాటల్లో రాసుకున్నాడు. వారంలో అది ఎక్కాల మాదిరి నోటికొచ్చేసింది.

జ్ఞాపకం ఎనిమిది. సరుకు పెట్టుకునే జాగా అరవై. పెట్టెలో ఆరా తప్ప వేరే ఏ పనీ పెట్టగూడదు. గడియారం ఐదు నిమిషాలకు మించి తప్పగూడదు. పేరు చెబితే చిరునామా చెప్పేవాడు ఎప్పుడూ పలకాల. బయటికి ఒకటే వాకిలి, నాలుగు వందల నలభై మూడు. లోపలికి ఏ వాకిలీ లేదు. దోవలో ఎవడూ జాబు విప్పి చదవగూడదు.

ఆ ఎనిమిది వాక్యాల మీద వన్నూరప్ప ఆరు వందల పన్నెండు పెట్టెలు బిగించాడు. ఒకచోట రైతు అదే పెట్టెకు సినిమాలు చూసే తీగ తగిలిస్తే ఆరా నీరసించి పడుకుంది, పీకించాడు. ఒకచోట కరెంటు పోయి గడియారం పావుగంట వెనకబడితే, పంపిన ప్రతి జాబునూ పెద్ద యంత్రం తిప్పి పంపింది. దగ్గర కూర్చుని సరిచేశాడు. ఇంకొక ఊళ్లో నెట్టు ఇచ్చే షాపువాడు పోయే జాబులన్నీ విప్పి చూసే యంత్రం పెట్టుకున్నాడు. విప్పిన జాబును పెద్ద యంత్రం నమ్మదు. వన్నూరప్ప వాడి షాపు ముందు బైఠాయించి ఆ చేల జాబులు విప్పకుండా పోయే దారి వేయించాడు. బడి మానేసినవాడు ఇంజినీర్లకు పాఠం చెబుతున్నాడని జనం నవ్వుతుంటే మీసం కింద తానూ నవ్వుకున్నాడు.

కడ్డీలు పాతేటప్పుడు మాత్రం ప్రతి రైతుకూ ఒకటే చెప్పేవాడు: కడ్డీలు చుట్టినంత మేరకే గొంతు, గొంతు ఉన్నంత మేరకే పత్రం. గట్టు దాకా పాతుకోండి, జానెడు లోపలికి పాతినా జానెడు పోతుంది.

ఒక ఊళ్లో ఎనభై ఏళ్ల అవ్వ పెట్టె చుట్టూ తిరిగి చూసి అడిగింది. "బయటికి వాకిలి ఉండాది, లోపలికి లేదంటాండావు. మరి దానికి ఏదన్నా చెప్పుకోవాలంటే యాడ నుంచి చెప్పుకోవాల నాయనా?"

వన్నూరప్ప పకపకా నవ్వి, "దానికి మనం చెప్పేదేమీ ఉండదవ్వా, అదే మనకు చెప్తాది" అన్నాడు.

*

జాలిమడుగు చుట్టుపక్కల మిట్ట చేలన్నీ గరుసు నేలలు. గుప్పెడు మట్టికి గుప్పెడు గులకరాళ్లు. అందుకే చెరువు ఎండిన ఎండాకాలం రైతులు పూడిక మట్టి తోలుకుంటారు. తాతల నాటి పద్ధతి. చెరువుకు లోతు, చేనుకు బలం. చిన్నప్పుడు సెలవుల్లో వన్నూరప్ప బండి తోలితే, వెనక మట్టి కుప్ప మీద కూర్చుని ఈల వేసుకుంటూ వచ్చింది ఈ చిదానందే.

ఈ ఏడు చెరువు నెర్రెలిచ్చింది. మిగతావాళ్లు నాలుగు ట్రాక్టర్లో ఐదు ట్రాక్టర్లో తోలి చల్లుకున్నారు. వన్నూరప్పకు, బయటివాళ్లు బత్తాయి అనే చీనీ తోట పెట్టాలని పదేళ్ల కోరిక. పెట్టెలు బిగించిన కష్టమంతా అందులో పోశాడు. ఇరవై రోజులు ట్రాక్టర్లు ఆగలేదు. చేనంతా మూరెడు ఎత్తున నల్లటి ఒండ్రు పరిచాడు, గట్ల మీద కడ్డీలున్న నాలుగు మూలలతో సహా. ఈశాన్యం గట్టుకు లోపలున్న సమాధుల జాగాలో మాత్రం పోయలేదు. తెచ్చిన మట్టి సమాధి మీద పడితే చచ్చినవాళ్లకు కొత్త బరువని వాళ్లమ్మ అనేది. చుట్టూ నాలుగు బారల జాగా వదిలి, మట్టి జారకుండా రాళ్లు పేర్చాడు.

వన్నూరప్ప భార్య సుంకమ్మ ఆ నల్ల మట్టి మీద చెప్పులు లేకుండా నడిచి చూసింది. పెళ్లయి ఇరవై మూడేళ్లు, ఈ చేలో కాలికి రాయి తగలకపోవడం ఇదే మొదలు. మూడు వందల చీనీ మొక్కలు నాటారు.

మొక్కలు నాటిన పదకొండో నాడు పత్రం గడువు. మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టె మట్టిని వింది. పచ్చ దీపం పచ్చగానే ఉంటుందని వన్నూరప్ప అటు చూడను కూడా లేదు. బోరు ఆగిపోతే, ఫ్యూజు పోయిందనుకుని వచ్చాడు. పెట్టె మీద ఎర్ర దీపం. చిన్న తెర మీద అక్షరాలు.

"ఈ నేల గొంతు సర్వే నంబరు ఒకటి, జాలిమడుగు చెరువు గర్భం గొంతుగా గుర్తించబడినది. నకలు పత్రం తిరస్కరించబడినది."

చెరువుకు పెట్టె బిగించింది వన్నూరప్పే. రెండేళ్ల కిందట, కట్ట మీద నిలబడి, ఫొటో కూడా తీయించుకున్నాడు. ఒక గొంతు ఇద్దరికి ఉండకూడదు. ముందు నమోదైనదే అసలు, తర్వాతది దొంగ. అదీ చట్టమే. మూడు గడువులు వరసగా తప్పితే ఆ నేల ఏ గొంతుతో పలుకుతోందో ఆ ఖాతాలో కలిసిపోతుంది. ఒకటి ఇప్పటికే తప్పింది, అంటే ఇంకో తొంభై నాలుగు రోజుల్లో ఈ చేను చెరువైపోతుంది.

వన్నూరప్ప వెంటనే తన ఎక్కాలు మొదలుపెట్టాడు. జ్ఞాపకం చూశాడు, ఉంది. జాగా ఉంది. గడియారం అర నిమిషం కూడా తప్పలేదు. వాకిలి తెరిచే ఉంది. చిరునామా చెప్పేవాడు పలుకుతున్నాడు. జాబు విప్పేవాడెవడూ లేడు. ఎనిమిదీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉండి తప్పు జరగడం అతని చేతుల్లో అదే మొదటిసారి. సాయంత్రం దాకా పెట్టె ముందు గొంతుకూర్చునే ఉన్నాడు.

కూతురు నాగవేణి ఇంటరు చదువుతోంది. అటక మీద ఉన్న అసలు ఇంగ్లీషు కాగితాన్ని తీయించి ఆ పిల్ల చేతికిచ్చాడు. ఎనిమిదింటినీ ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పింది. చెప్పి, కాగితం తిప్పింది. వెనక పక్క అడుగున చీమ తలకాయలంత అక్షరాలున్నాయి.

"నాయనా, ఇంకొకటి ఉండాది."

"ఎనిమిదే."

"తొమ్మిది. పెట్టె బిగించినాక దాని కింద ఉండే ఆధారం మార్చగూడదంట. మార్చాలంటే మార్చకముందే మళ్లీ నమోదు చేయించుకోవాలంట."

"ఆధారమంటే?"

పిల్ల ఆ వరస కింద వేలు పెట్టి మళ్లీ చదివింది. "మట్టే ఏమో నాయనా" అంది.

*

చిదానంద ఫోనులో మొదట నవ్వాడు. ఏదో సర్దుకుంటుందిలే, నేను చూస్తానులే అన్నాడు. రెండు రోజులకు మళ్లీ చేస్తే నవ్వలేదు. మూడోసారి వన్నూరప్పే బస్సెక్కి అనంతపురం పోయాడు. ప్రయోగశాలలో చల్లటి గదులు, తెల్ల కోట్లు, గోడ పొడవునా సీసాల్లో మట్లు. చిదానంద కుర్చీ వేశాడు. వన్నూరప్ప కూర్చోలేదు. ఆ తొమ్మిదో వాక్యం నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

అప్పుడే అన్నాడు ఆ మాట. మర్చిపోయినా రా వన్నూరూ.

రాసేటప్పుడు తన బుర్రలో ప్రయోగశాల ఉందట. ఇక్కడ ఎవరూ మట్టి మార్చరట. పల్లెలో ఎండాకాలం ఏం చేస్తారో ఆ నిమిషానికి తట్టలేదట.

"మా బండిలో మట్టి మీద కూర్చుని వచ్చినావు కదా సారూ. అదీ తట్టలేదా?"

సారూ అన్న పిలుపుకు చిదానంద మొహం పాలిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల స్నేహంలో ఆ పిలుపు అదే మొదటిసారి.

"కట్టినోడివి నువ్వే. నువ్వే తెరిచి సరిచెయ్యి" అన్నాడు వన్నూరప్ప.

"కట్టింది నేనే. లోపలికి వాకిలి పెట్టలేదు రా. నాకు కూడా లేదు. పెట్టుంటే నాకంటే ముందు ఎవడెవడు దూరేవాడో నీకు తెలీదా? మా అమ్మ రెండెకరాలు ఒక్క సంతకంతో పోయినాయి. ఆ సంతకం పెట్టే చెయ్యే లోకంలో లేకుండా చెయ్యాలనుకున్నా."

వన్నూరప్ప గోడ మీది సీసాల వంక చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యి ఉంటే దానికి కాళ్లన్నా ఉండేటివి, పట్టుకుందును. నువ్వు చెయ్యీ తీసేస్తివి, కాళ్లూ తీసేస్తివి."

తోలిన మట్టి తీసేస్తే పాత గొంతు బయటపడొచ్చని చిదానంద చెప్పాడు. వన్నూరప్ప ఊరికొచ్చి మట్టి తోడే యంత్రాన్ని బాడుగకు మాట్లాడాడు. ఏ మట్టి కోసం ఇరవై రోజులు ట్రాక్టర్లు తిరిగాయో ఆ మట్టిని గీకి గట్టు అవతల పోయించడం మొదలుపెట్టాడు. గీకినచోటల్లా చీనీ మొక్కలు వేర్లతో సహా లేచిపోతుంటే సుంకమ్మ వాటిని ఏరి తడి గోనెల్లో చుట్టింది.

రెండో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. మూడేళ్లుగా ఊరంతా మొక్కిన వాన. రెండు గంటలు కుండపోతగా కురిసింది. జనం ఇళ్లల్లోంచి బయటికొచ్చి తడిశారు. వన్నూరప్ప చేను మధ్యలో నిలబడి, నల్ల నీళ్లు గులకరాళ్ల సందుల్లోంచి లోపలికి ఇంకిపోవడం చూశాడు. యంత్రం నడిపేవాడు దిగి వచ్చి, బురదలో చెయ్యి పెట్టి చూసి, "ఇంక పాలల్లో నీళ్లు తియ్యమన్నట్టే అన్నా" అని బండి తిప్పుకుపోయాడు.

రెండో గడువు నాడు కూడా పెట్టె ఆ నేలను చెరువనే అంది.

మండలాఫీసుకు పోయాడు. అక్కడి అధికారి మంచివాడే, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. అంతా విన్నాక తన బల్ల సొరుగు లాగి చూపించాడు. సొరుగులో స్టాంపు లేదు, సిరా లేదు, ఒక కందిరీగ గూడు ఉంది. ఇంతకు ముందు అన్యాయం చేసే అధికారమైనా ఉండేది, ఇప్పుడు న్యాయం చేసే అధికారం కూడా లేదయ్యా అన్నాడాయన. సహాయం నంబరుకు ఫోను చేస్తే ఒక ఆడగొంతు తీయగా, మీ పెట్టెకు కావలసిన ఎనిమిది అవసరాలు సరిచూసుకోండి అని మొదటి నుంచి చదివింది. వన్నూరప్ప దానితో పాటు తానూ చదివాడు. ఇద్దరూ ఒకేసారి ముగించారు.

*

వానొచ్చిన నేల పదిహేను రోజుల్లో ఆరిపోయింది. బోరుకు కరెంటు లేదు. సుంకమ్మ గోనెల్లోని మొక్కలు మళ్లీ నాటి, పక్క చేను బోరు నుంచి బిందెలతో నీళ్లు మోసింది. మూడు వందల మొక్కల్లో రెండు వందలు నిలిచాయి, తర్వాత నూట పది, తర్వాత ముప్పై ఆరు. రాత్రికి భుజం మీద నూనె రాయించుకుంటూ కూతురికి లెక్క చెప్పేది. వన్నూరప్పకు చెప్పేది కాదు.

మూడో గడువుకు పన్నెండు రోజులుందనగా చిదానందే ఫోను చేశాడు. సీసా గుర్తొచ్చిందట. వన్నూరు చేను అని రాసి పెట్టిన సీసా. ఆ మట్టిది అసలు గొంతు. దాన్ని కడ్డీల మొదట్లో పోస్తే, పాలలో తోడు వేసినట్టు, ఆ పురుగులు మళ్లీ పెరిగి చేనంతా పాత గొంతు పలకొచ్చు. వన్నూరప్పది పిచ్చి మనసు, వినగానే కోపమంతా మరిచి, సుంకమ్మ కట్టిచ్చిన సద్ద రొట్టెలు పట్టుకుని పోయాడు. చిదానందకు ఆ రొట్టెలు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

ఇద్దరూ బల్ల మీద సీసా పెట్టుకున్నారు. కాగితం పసుపు పచ్చగా మారింది, అక్షరాలు మాత్రం చెదరలేదు. మట్టిని పళ్లెంలో పోసి, సూదుల్లాంటి చిన్న కడ్డీలు గుచ్చి, తడిపి, చిదానంద గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. మీట తిప్పి విన్నాడు. ఇంకొంచెం నీళ్లు చిలకరించి మళ్లీ విన్నాడు. తర్వాత గొట్టాలు తీసి వన్నూరప్పకు ఇచ్చాడు.

వన్నూరప్ప చాలాసేపు పెట్టుకుని ఉన్నాడు. చీమలు లేవు, గుటక లేదు. తన నెత్తురు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"తొమ్మిదేళ్లు గాలి లేకుండా మూతేసి పెట్టినా" అన్నాడు చిదానంద. "చచ్చిపోయింది రా."

రొట్టెల మూట బల్ల మీదే ఉండిపోయింది. ఎవరూ విప్పలేదు. వన్నూరప్ప లేస్తుంటే చిదానంద గేటు దాకా వచ్చాడు. తాను ఉద్యోగం మానేస్తానని ఒకసారి, కోర్టుకు పోదామని ఒకసారి, ఢిల్లీకి జాబు రాశానని ఒకసారి అన్నాడు. వన్నూరప్పకు అవేవీ ఎక్కలేదు. వాడి కళ్లల్లో నీళ్లు చూస్తే జాలి వేయలేదు, అలాగని కోపమూ రాలేదు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడైతే నాలుగు తిట్టవచ్చు. వీడు తెప్ప మీదే ఉన్నాడు, తెప్పకు తెడ్డు పెట్టడం మరచిపోయాడు.

బస్సులో కూర్చుంటే చేను కళ్లముందు తిరిగింది. పాత మట్టి ఎక్కడన్నా మిగిలి ఉందా అని మూల మూలా మనసుతో తవ్వాడు. వాయవ్యం మూల నల్ల మట్టి. బోరు చుట్టూ నల్ల మట్టి. గట్ల మీద కూడా ఒండ్రే. ఈశాన్యం మూలకు వచ్చేసరికి మనసు ఆగింది. చుట్టూ పేర్చిన రాళ్లు కనిపించాయి. కండక్టరు టికెట్టు అడుగుతుంటే వినపడలేదు.

*

ఆఖరి గడువు నాడు పొద్దున్నే వన్నూరప్ప నాలుగు కడ్డీలూ పీకి భుజాన వేసుకున్నాడు. సుంకమ్మ వెనకే వచ్చింది. అతను సమాధుల వైపు నడవడం చూసి అడ్డంగా నిలబడింది.

"యాడికి?"

"పాత మట్టి ఆడనే ఉండాది."

"మీ నాయన గుండెల మీద ఇనుము దించుతావా?"

వన్నూరప్ప తల వంచుకున్నాడు. "నాకు మాత్రం చేతులొస్తాండాయా?" అన్నాడు.

ఆమె చాలాసేపు పక్కకు తొలగలేదు. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, రెండు సమాధుల మీదా నీళ్లు చల్లి, మామ సమాధి మీద చెయ్యి ఆనించి ఏదో చెప్పుకుని, పక్కకు జరిగింది.

మొదట రెండు కడ్డీలు సమాధుల జాగాలో, రెండు చేను అవతలి మూలల్లో పాతాడు. అలా పాతితే చేనంతా చుట్టినట్టవుతుందని ఆశ. పెట్టె విని, రెండు గొంతులు కలిసి వినిపిస్తున్నవి, నేల ఒక్కటి కాదు అంది. కడ్డీలు కొంచెం జరిపి మళ్లీ వినిపించాడు. అదే మాట. మూడోసారీ అదే. గడువు మధ్యాహ్నం రెండు గంటలకు. పెట్టె గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. ఆ గడియారం తప్పదని ఈ మండలంలో అందరికంటే బాగా తెలిసినవాడు వన్నూరప్పే.

అవతలి రెండు కడ్డీలూ పీకి తెచ్చాడు. కడ్డీలు చుట్టినంత మేరకే గొంతు. ఆరు వందల పన్నెండు మందికి చెప్పిన మాట. రాళ్లు పేర్చిన జాగా నాలుగు మూలలా, గట్టున ఎంత వీలైతే అంత అంచుకు, ఒక్కొక్కటే దిగగొట్టాడు. మూడో కడ్డీ సగంలో బండకు తగిలి కంగుమంది. సుంకమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. అతను దాన్ని మెల్లగా పీకి, జానెడు లోపలికి జరిపి పాతాడు. జానెడు పోయింది.

తీగలు తగిలించి, పాత గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నాడు. ముందు ఏమీ లేదు. తర్వాత సన్నగా, ఎండిన విస్తరాకు మీద వెయ్యి చీమలు. మధ్యలో గుటక. వన్నూరప్ప దాన్ని గుర్తుపట్టాడు. గొట్టాలు తీసి సుంకమ్మ చెవుల్లో పెట్టాడు. ఆమె వింటూ వింటూ నేల మీద కూర్చుంది.

రెండు గంటలకు నాలుగు నిమిషాల ముందు పచ్చ దీపం వెలిగింది. బయటికున్న ఒక్క వాకిలి గుండా జాబు పోయింది, కొత్త పత్రం వచ్చింది. దాదాపు ఐదు నెలలకు మొదటిసారి పెట్టె అతన్ని పేరు పెట్టి పలకరించింది. ధ్రువీకరణ పూర్తి అయినది, విస్తీర్ణం రెండు సెంట్లు అని తెర మీద రాసింది. రెండు గంటలు కొట్టగానే కింద ఇంకొక వరస వచ్చింది. మిగతా నేల సర్వే నంబరు ఒకటిలో విలీనమైనది.

చిదానంద ఫోను మోగుతూనే ఉంది. వన్నూరప్ప ఎత్తలేదు. ఆ ఎనభై ఏళ్ల అవ్వ గుర్తొచ్చింది. చెప్పుకోవాలంటే యాడ నుంచి చెప్పుకోవాల నాయనా.

సుంకమ్మ సమాధుల పక్కన మిగిలిన జాగాను కంటితో కొలిచింది. తాత, నాయన, ఆ పక్కన ఖాళీ.

"నీకూ నాకూ సరిపోతాదిలే" అంది.

వన్నూరప్ప పత్రం నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నల్ల మట్టిలో బతికిన ముప్పై ఆరు చీనీ మొక్కలు ఇప్పుడు చెరువులో ఉన్నాయి. రెండు వందల పద్నాలుగు బై రెండులో అతనికి పోయింది మూడెకరాల నలభై సెంట్లు.